షార్క్ పేరుతో వచ్చిన ఫంగస్

మూడేళ్ళ కిందట వేలెడంత పొడవున్న రెండు వెండిరంగు చేపలను, దుకాణంలో చెప్పిన 'షార్క్' అనే పేరుకు ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్నాను. అవి షార్కులు కావనీ, ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నదికి చెందిన పంగాసియస్ జాతివనీ, మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో ఫంగస్ పేరుతో టన్నుల లెక్కన పెంచేది వీటినేననీ ఆలస్యంగా తెలుసుకున్నాను. మీటరు దాటి పెరగగల చేప, గాజు తొట్టె కొలతకు తగ్గట్టు చిన్నదిగానే ఉండిపోతుందని కొందరు నచ్చజెబుతారు గాని, అలా ఎదుగుదల ఆగడం ఇరుకు వల్ల, నీటిలో పేరుకున్న వ్యర్థాల వల్ల కలిగే అనారోగ్యమే. గుంపుగా తిరిగే ఈ బెదురు చేపలు, రాత్రి దీపం వేయగానే ఉలిక్కిపడి అద్దానికి ముక్కు కొట్టుకునేవి. ఆ గాయాలను చూసిన ప్రతిసారీ సిగ్గేసేది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న మా తొట్టెలో నీటి బరువే సుమారు 250 కిలోలు. అంతకు నాలుగింతల తొట్టెను మూడో అంతస్తులో పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. చెరువులో వదిలేయమన్న సలహాను, పరాయి జాతి చేప మన నీటిలోని చేపలకు చేటు చేయవచ్చని, ఒప్పుకోలేదు. చివరికి పెద్ద సిమెంటు తొట్టి ఉన్న ఒక పరిచయస్థుడికి అప్పగించాను. ఇప్పుడు మా తొట్టెలో గప్పీలనే చిన్న చేపలే ఉన్నాయి.