ఫోను వదిలి కోటలోకి: నా అనుభవం

కాజీపేట నుంచి జనగామకు రోజూ రైల్లో పోయి వచ్చే ఉద్యోగం నాది. పెండ్యాల, నష్కల్, ఘన్‌పూర్, రఘునాథపల్లి ఎప్పుడొచ్చాయో ఎప్పుడు దాటిపోయాయో తెలియకుండానే కొన్నేళ్లు గడిచాయి. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధించారు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి. లాక్‌డౌన్‌లో అంటుకున్న ఆ చిన్న వీడియోలు చూసే అలవాటు రైళ్లు మళ్లీ తిరగడం మొదలయ్యాక కూడా పోలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది పోయిన సమయం కాదు. గంటసేపు చూసి ఫోను జేబులో పెట్టుకున్నాక, ఏం చూశావంటే చెప్పడానికి ఒక్క ముక్క గుర్తుండేది కాదు.

ముందు ఫోన్‌లోనే ఉన్న డిజిటల్ వెల్‌బీయింగ్‌లో టైమర్ పెట్టాను. గడువు అయిపోగానే యాప్ మూసుకుంటుంది, దాని గుర్తు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. బాగానే ఉంది కానీ, సెట్టింగుల్లోకి వెళ్లి ఆ గడువును పెంచుకోవడం ఎంతసేపు? తెరను నలుపు తెలుపులోకి మార్చడం ఇంకొంచెం నయం. రంగులు పోతే రీల్స్ పస సగం పోతుంది. అయినా చేతులు ఖాళీగా ఉన్నంతసేపు ఏ టైమరూ నిలవదు. చూడవద్దని అనుకుంటే సరిపోదు, ఎప్పుడెప్పుడా అని ఎదురుచూసేది ఇంకొకటి కావాలి.

నాకు అది దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్‌లో దొరికింది. చందమామలో నెలనెలా వచ్చిన ‘తోకచుక్క’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘రాకాసిలోయ’ తర్వాత పుస్తకాలుగా వచ్చాయి. పెద్దవాడివి, పిల్లల కథలేందని ఎవరైనా అంటే అననీయండి. చదివే అలవాటు తప్పినవాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదని నా గట్టి నమ్మకం. వాక్యం చిన్నది, కథ ఆగదు. ప్రతి భాగం ఏదో ఒక ఆపద అంచున తెగుతుంది. పాఠకుణ్ణి నెలంతా ఊరించాలని రాసినవాయె మరి.

అయినా మొదట్లో కష్టంగానే గడిచింది. చదివిన వాక్యమే మళ్లీ చదివేవాణ్ణి. పేజీ సగంలో ఉండగానే కుడిచెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోయేది, మెసేజ్ ఏదీ రాకపోయినా సరే. అందుకని రైలెక్కగానే ఫోను బ్యాగు అడుగున టిఫిన్ డబ్బా కింద పెట్టి జిప్పు లాగేయడం మొదలుపెట్టాను. తీయాలంటే పుస్తకం మూసి, లేచి, పైనున్న బ్యాగు దించి, డబ్బా తీయాలి. అంత పని పెట్టుకునేసరికి అక్కర ఉందా లేదా అని ఆలోచించే వ్యవధి దొరికేది. మా అమ్మ కూడా గమనించింది. “ఏంది బిడ్డా, ఇయ్యాల ఇంట్ల ఫోన్ సప్పుడే లేదు, పానం మంచిగున్నదా?” అని అడిగింది.

అసలు పరీక్ష ఇంగ్లిషు రచయిత టోల్కీన్ రాసిన పెద్ద ఊహాలోకపు కథ ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’తో మొదలైంది. ఆయన ఒకే పుస్తకంగా రాసుకున్నాడు. ప్రచురణకర్తలు 1954, 1955లలో మూడు సంపుటాలుగా విడగొట్టి వేశారు. వందల పేర్లు, నదులు, కొండలు, రాజవంశాలు. ఒక మనిషికే రెండు మూడు పేర్లు. ఇలాంటి పుస్తకం చదివేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎవరో గుర్తురాక నెట్‌లో వెతికారా, ఆ మనిషి చివరికి ఏమవుతాడో మొదటి వరుసలోనే ఉంటుంది. కథ పాడవుతుంది, పైగా ఆ ఒక్క పేరు నుంచి ఇంకో పేజీకి, అక్కడి నుంచి వీడియోకు, ఇక ఆ రోజు చదువు ముగిసినట్టే. దానికి నేను పెట్టుకున్న విరుగుడు ఒక తెల్లకాగితం. కొత్త పేరు తగలగానే పెన్సిల్‌తో రాసి, పక్కన ఎవరి కొడుకో, ఎక్కడివాడో నాలుగు మాటలు. దారి తెలియకపోతే పుస్తకంలోని పటం తిప్పి వేలు పెట్టి వెతికేవాణ్ణి. రాసిన పేర్లు మనసులో నిలిచాయి. రీల్స్ వల్ల బుర్ర పాడైపోయిందని భయపడినవాడికి అది ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

రెండో సంపుటిలో కొండలోయలో ఉన్న కోట మీద ముట్టడి జరుగుతుంది. శత్రువులు గోడ కింద నీళ్లు పోయే తూములో దూరి, దాన్ని పేల్చి లోపలికి వస్తారు. ఆ అధ్యాయం చదివిన ఆదివారం మా బిడ్డను తీసుకుని ఖిలా వరంగల్ పోయాను. ఎన్నిసార్లు చూసిన కోటే. కానీ ఆ రోజు తోరణాల దగ్గర ఫొటోలు దిగలేదు, గోడలు చూశాం. బయట మట్టికోట, లోపల అగడ్త దాటాక రాతికోట. రాతి ద్వారంలోంచి నేరుగా లోపలికి పోలేం, మలుపులు తిరగాలి. వేగంగా వచ్చే ఏనుగులూ గుర్రాలూ అక్కడే ఆగిపోతాయి. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం వచ్చినప్పుడు ఈ మట్టిగోడ ఉక్కు ఈటెకు కూడా లొంగలేదని ఆ కాలపు ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. రాళ్లు విసిరే యంత్రాల దెబ్బ తగిలితే ఆ రాళ్లే ఎగిరి వెనక్కి పడేవట. “మరి మనోళ్ల తూము ఎక్కడుంది బాపూ?” అని మా బిడ్డ అగడ్త వెంబడి వెతకడం మొదలుపెట్టింది. ఎండ ముదిరేదాకా తిరిగాం.

ఫోను పూర్తిగా మానలేదు, మానను కూడా. ఆఫీసు గ్రూపులు, టికెట్లు, డబ్బు పంపడం అన్నీ అందులోనే. రీల్స్ యాప్ మాత్రం తీసేశాను. సెలవురోజు ఇంట్లో వైఫై లాగుతుంది కాబట్టి ఫోను ఇంట్లోనే వదిలి భద్రకాళి చెరువు కట్ట (బండ్) మీదికి పుస్తకంతో పోతున్నాను. ఇప్పుడు మూడో సంపుటి సగంలో ఉన్నాను. రోజూ నా ఎదురుగా కూర్చునే రఘునాథపల్లి సారు మొదటి సంపుటి అడిగితే ఇచ్చాను. ఆ పేర్ల కాగితం ఇస్తానంటే మాత్రం తీసుకోలేదు. తనది తనే రాసుకుంటాడట.