ఎచ్చమ్మ తెచ్చిన తంతి

అరుణాచలానికి తెలుగువారి రాకపోకలు ఈమధ్య ఎంతగా పెరిగాయో అక్కడి వీధుల్లో ఒక్క పూట తిరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. పౌర్ణమి నాడైతే తిరువణ్ణామలై బస్టాండు మొదలుకొని 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ మార్గమంతటా గుంటూరు మాట, కరీంనగర్ మాట వినిపిస్తూనే ఉంటాయి. టిఫిన్ హోటళ్ల బోర్డుల మీద తెలుగు అక్షరాలు, ఆటోవాళ్ల నోట తెలుగు బేరాలు మామూలైపోయాయి. మేము మాత్రం ఆ రద్దీని తప్పించుకోవాలని కృష్ణపక్షంలో బయలుదేరాము. మేము అంటే నేనూ, మా పెద్దమ్మా. ఆమె కూతురు, నాకు అక్క, పోయి అప్పటికి ఏడాది నిండలేదు.

కాట్పాడిలో రైలు దిగి, వేలూరు, పోలూరు మీదుగా బస్సులో వెళ్లాము. పెద్దమ్మ సంచిలో రెండు చీరలు, మందుల డబ్బా, సూరి నాగమ్మగారు అక్కడి రమణ మహర్షి ఆశ్రమం నుంచి తమ సోదరునికి రాసిన లేఖల సంపుటం ఉన్నాయి. నాగమ్మగారిది మంగళగిరి పక్కన ఉన్న కొలనుకొండ. పెద్దమ్మ పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే కావడం వల్ల ఆవిడ గురించి బంధువును గురించి చెప్పినట్టే చెబుతుంది. చిన్ననాడే భర్తను పోగొట్టుకుని, ఇళ్లలో పుస్తకాలు చదువుకుంటూ పెరిగి, 1941లో ఆశ్రమానికి చేరిన మనిషి, అక్కడ హాలులో రోజూ జరిగే చిన్నచిన్న సంగతులను వేదాంతచర్చలతో సమానమైన శ్రద్ధతో రాసిపెట్టింది. నా మటుకు నాకు రమణులను గురించి పండితులు రాసిన వ్యాఖ్యానాలకన్నా, ఉడతకు జీడిపప్పు పెట్టడం, కోతిపిల్లను దగ్గరికి తీయడం వంటివి కనిపించే ఈ రకపు రాతలే ఎక్కువ ఉపకరించాయి. ఎందుకో ఈ ప్రయాణంలో ఇంకాస్త తేటపడింది.

ఆశ్రమం ఊరి పెద్ద గుడికి సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో, చెంగం రోడ్డు మీద ఉంటుంది. లోపలికి వెళ్లగానే ఇప్పచెట్టు, నెమళ్ల అరుపులు, రమణుల తల్లి అళగమ్మ సమాధి మీద వెలసిన మాతృభూతేశ్వరాలయం, దాని పక్కన రమణుల సమాధి మందిరం. చాలామంది అక్కడే కూర్చుండిపోతారు. పెద్దమ్మ నన్ను నేరుగా వెనుకవైపుకు, కొండకు వెళ్లే ద్వారం దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ ఆవు లక్ష్మికి, జింక వల్లికి, ఒక కాకికి, జాకీ అనే కుక్కకు వరుసగా సమాధులున్నాయి. లక్ష్మి 1926లో దూడగా ఆశ్రమానికి వచ్చి 1948 జూన్ 18న పోయింది. ఆఖరి ఘడియల్లో రమణులు దాని పక్కనే నేల మీద కూర్చుని, తల మీద ఒక చేయి, గుండె మీద ఒక చేయి ఉంచారు. 1922లో తల్లి పోయిన నాడు ఆమెకు చేసినదీ ఇదే. లక్ష్మి ముక్తి పొందిందని తెలిపే తమిళ పద్యాన్ని తామే రాసి ఇచ్చారు. పెద్దమ్మ ఆ రాతిని తడిమి, "ఉన్నది ఒకటే అన్నాయన ఇంతమందికి పేరుపేరునా సమాధులెందుకు కట్టించాడురా?" అంది. ఆమె వెక్కిరింపుగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

ఆ ప్రశ్నకు నాకు తెలిసిన దగ్గరి సమాధానం ఒక పాత శ్లోకం. శంకరుల పేర ఉన్న తత్త్వోపదేశంలోని ఆ శ్లోకాన్ని రమణులు 'ఉన్నది నలుబది' అన్న తమ పద్యకృతికి రాసిన అనుబంధంలో 39వ పద్యంగా తమిళంలోకి తెచ్చుకున్నారు. "భావాద్వైతం సదా కుర్యాత్, క్రియాద్వైతం న కర్హిచిత్" అని మొదలవుతుంది. అద్వైతాన్ని ఎల్లప్పుడూ భావంలో నిలుపుకో, చేతల్లో ఎన్నడూ చూపవద్దు. మూడు లోకాలతోనైనా అద్వైతం ఉండవచ్చు గాని గురువుతో మాత్రం కూడదు అని దాని సారాంశం. రమణులంతటివారు దీన్ని ఏరి తమ పద్యాల్లో చేర్చుకున్నారంటే అది ఊరికే జరిగిన పని కాదు. ఒకటే అన్న ఎరుక లోపల ఎంత గట్టిపడినా, బయట తల్లి తల్లిగానూ, ఆవు ఆవుగానూ, ఆకలిగొన్నవాడు ఆకలిగొన్నవాడుగానూ ఉండి, ఎవరికి తగిన మర్యాద, ఎవరికి తగిన ఆదరణ వారికి అందవలసిందేనని నేను దాన్ని అర్థం చేసుకున్నాను.

అయితే ఈ శ్లోకానికి ఇంకో ముఖం కూడా ఉన్నదని మధ్యాహ్నం భోజనశాలలో కూర్చున్నప్పుడు గుర్తుకు వచ్చింది. ఇప్పుడు అక్కడ నేల మీద ఆకులు వేసి, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్న పట్టింపు లేకుండా వడ్డిస్తున్నారు. నా ఎడమపక్క జర్మనీ నుంచి వచ్చిన ఒకాయన సాంబారన్నాన్ని చేత్తో కలపడానికి ప్రయాసపడుతున్నాడు. కుడిపక్క పెద్దమ్మ ఆయన ఆకులో నీళ్లన్నీ ఒకవైపుకు పారిపోకుండా అన్నానికి గట్టు వేసుకోమని తెలుగులోనే సైగలు చేసి చెబుతోంది. రమణుల కాలంలో ఇదే ఆశ్రమపు భోజనశాలలో అడ్డుతెర ఉండేది. ఆచారం పాటించే బ్రాహ్మణులు ఒకవైపు, తక్కినవారు మరొకవైపు కూర్చునేవారు. ఇరుపక్కలకూ కనిపించేటట్టు రమణులు కూర్చునేవారు. ఏ పక్షాన్నీ ఆయన ఒత్తిడి చేయలేదని, తెర దాటి వచ్చి అందరితో కలిసి తిన్న బ్రాహ్మణులూ ఉండేవారని చెప్పి సమర్థించుకోవచ్చు. నాకది సమాధానంగా తోచదు. చేతల్లో అద్వైతం వద్దన్న మాట చాటున పంక్తిభేదం కూడా దాక్కోగలదు, దాక్కున్నది కూడా. ఆవును ఆవుగా గుర్తించి దాని పక్కన కూర్చోవడానికీ, మనిషిని కులంగా గుర్తించి తెరకు ఆవల కూర్చోబెట్టడానికీ ఒకే శ్లోకాన్ని వాడుకోగలిగినప్పుడు, శ్లోకం కన్నా దాన్ని పట్టుకున్న చేతిని చూడవలసి వస్తుంది. రమణుల మీద భక్తి ఉన్న కారణంగా ఈ మాట మింగేయడం నాకు సాధ్యం కాలేదు.

సాయంకాలం ఒక సత్సంగానికి వెళ్లాము. ఆశ్రమానికి దానితో ఏ సంబంధమూ లేదు. చుట్టుపక్కల వీధుల్లో మేడల మీద అద్దెకు తీసుకున్న హాళ్లలో ఇటువంటివి ఏడాది పొడుగునా జరుగుతుంటాయి. మాట్లాడినవారు తెలుగువారే, చక్కని భాష, విసుగు తెలియని కంఠం. ఉన్నది చైతన్యం ఒక్కటే, తక్కినదంతా తలపు అని గంటసేపు చెప్పారు. ప్రశ్నలకు అవకాశం ఇచ్చినప్పుడు పెద్దమ్మ లేచి, కూతురు పోయిన సంగతి చెప్పి, రాత్రులు నిద్ర పట్టడం లేదంది. ఆయన చిరునవ్వు నవ్వి, "కూతురన్నది ఒక తలపు, తల్లి అన్నదీ ఒక తలపే. పోయినదెవరు? నిద్ర పట్టనిది ఎవరికి? చూడండి" అన్నారు. సభలో కొందరు మెచ్చుకోలుగా తలలూపారు. పెద్దమ్మ నమస్కారం పెట్టి కూర్చుంది.

'ఎవరికి?' అన్నది రమణుల ప్రశ్నే, సందేహం లేదు. 1902లో శివప్రకాశం పిళ్లై అనే భక్తుడు కొండ మీది విరూపాక్ష గుహలో ఆయన దగ్గర రాబట్టిన ఉపదేశమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కాని అది తనకు తాను వేసుకోవడానికి పుట్టిన ప్రశ్న. ఒంటరిగా కూర్చుని, తనలో లేచిన కోపాన్నో భయాన్నో పట్టుకుని మూలానికి తవ్వుకుంటూ పోయేవాడి పలుగు అది. దాన్నే ఎదుటివారి పుండు మీద ప్రయోగిస్తే వినేవారి దుఃఖం తగ్గదు సరికదా, దుఃఖపడుతున్నందుకు సిగ్గు కూడా తోడవుతుంది. పైగా అడిగినవాడికి ఎంతో సుఖం. ఎదుట ఎవరూ లేరని తేలిపోయిన తరువాత ఎవరి పక్కన కూర్చోవలసిన పనీ ఉండదు గదా! మెట్లు దిగుతూ పెద్దమ్మ, "ఆయన చెప్పినదాంట్లో తప్పేం లేదు నాయనా, పుస్తకాల్లో అట్లాగే ఉంది. పాపం, ఆయనకు పిల్లలు లేరేమో" అని మాత్రం అంది.

మరునాడు ఎండ ముదరకముందే వెనుక ద్వారం గుండా కొండ ఎక్కాము. రమణులు కొన్నేళ్లు తల్లితో ఉన్న స్కందాశ్రమం దాకా రాళ్లు పరిచిన బాట ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారు కూడా ఆగి ఆగి ఎక్కగలరు, పెద్దమ్మ ఎక్కింది. దారిలో ఒక మలుపు దగ్గర చెట్లు తొలగి, పెద్ద గుడి మొత్తం ఒక్కసారిగా కనబడుతుంది. పదకొండు అంతస్తుల తూర్పు రాజగోపురం మన శ్రీకృష్ణదేవరాయలు తలపెట్టినదని చెబితే, "అంతదూరం నుంచి వచ్చి కట్టించాడూ!" అని కాసేపు ఆగింది. ఆ ఆగిన చోటనే ఎచ్చమ్మ మాట వచ్చింది. ఎత్తినది నేను కాదు, పెద్దమ్మే.

ఎచ్చమ్మ కథ రమణభక్తులకు కొత్త కాదు. ఇరవై ఐదేళ్లు నిండకముందే భర్తను, కొడుకును, కూతురిని పోగొట్టుకుని, ఎక్కడికి వెళ్లినా ఊరట దొరకక, చివరికి విరూపాక్ష గుహలో ఉన్న యువకుడైన మౌనస్వామి, రమణుల ఎదుట వచ్చి నిలబడింది. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె దుఃఖం మాత్రం అక్కడితో తేలికపడింది. తరువాత దశాబ్దాల పాటు రోజూ ఆయనకు అన్నం వండి తెచ్చింది. మధ్యలో చెల్లమ్మ అనే పిల్లను పెంచుకుని, ఆయన అనుమతితోనే పెళ్లి చేసింది. చెల్లమ్మ తన కొడుక్కి రమణ అని పేరు పెట్టుకుంది. ఒకనాడు చెల్లమ్మ పోయిందని తంతి, అంటే టెలిగ్రాం వచ్చింది. ఎచ్చమ్మ ఆ కాగితం పట్టుకుని తిన్నగా రమణుల దగ్గరికే వెళ్లింది. ఆయన చదివారు, ఆయన కళ్లలో నీళ్లు నిండాయి. అంత్యక్రియలకు వెళ్లి తిరిగి వచ్చి, తల్లి లేని పసివాణ్ణి ఆయన చేతుల్లో ఉంచినప్పుడు మళ్లీ కన్నీళ్లు పెట్టుకున్నారు. పోయినదెవరని ఆయన ఆమెను అడిగినట్టు ఎక్కడా లేదు.

ఈ ఒక్క ఘట్టంతో కథ ముగిస్తే హాయిగా ఉంటుంది. కాని మేము వెళ్లి కూర్చున్నది స్కందాశ్రమంలో, తల్లి కన్నుమూసిన గది ముందు. 1922 మే 19న పగలంతా రమణులు ఆమె పక్కన కూర్చుని, హృదయం మీద, శిరస్సు మీద చేతులుంచారు. రాత్రి ఆమె ప్రాణం పోయాక లేచి, ఇక భోజనం చేద్దాం, మైల లేదు అన్నారు. కన్నీటి మాట లేదు. ఇంకా వెనక్కు పోతే, 1898లో పవళక్కున్ఱు అనే గుట్ట మీద రమణులు ఉండగా ఆ తల్లే వచ్చి ఇంటికి రమ్మని రోజుల తరబడి ఏడ్చినప్పుడు, జరగవలసినది ఎవరు ఆపినా ఆగదు, కనుక మౌనంగా ఉండడమే మేలు అని కాగితం మీద రాసిచ్చి ఊరుకున్నారు. అదే మనిషి 1914లో ఆమెకు తీవ్రంగా జ్వరం వచ్చినప్పుడు పక్కనే ఉండి సేవ చేసి, ఆమెను బతికించమని అరుణాచలుణ్ణి వేడుకుంటూ నాలుగు పద్యాలు రాశారు. జరగవలసినది ఎట్లాగూ జరుగుతుందన్నవాడు వేడుకోవడమేమిటని తార్కికులు అడగవచ్చు.

పద్దెనిమిదేళ్ల వయసులో కరకుగా ఉన్నవాడు వయసు మీరాక మెత్తబడ్డాడని సులువైన కథ అల్లుకుందామంటే 1922 అడ్డం వస్తుంది. తన తల్లికి రాని కన్నీరు ఎచ్చమ్మ పెంపుడు కూతురికి ఎందుకు వచ్చిందో చెప్పగల సూత్రం నాకు దొరకలేదు. నాకు తోచినంతలో, తల్లి విషయంలో ఆయన చేయవలసినది చేతులతో పూర్తిచేశారు. అక్కడ ఇంకా దుఃఖపడుతున్నవారు ఎవరూ ఆయన ఎదుట నిలబడలేదు. ఎచ్చమ్మ నిలబడింది. ఆమె దుఃఖం ఆయనలో ఏ అడ్డూ లేకుండా ప్రవహించింది. వేరన్నది లేని చోట ఇతరుల ఏడుపు తన ఏడుపు కావడంలో వింత ఏముంది? ఏకత్వం వల్ల మనిషి మొద్దుబారాలని మేడ మీది పెద్దమనిషి వంటివారు ఎక్కడ నేర్చుకున్నారో గాని, ఈ కొండ మీద మాత్రం దానికి సాక్ష్యం దొరకదు. 1898 నాటి కాగితం సంగతి మాత్రం నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు. పెద్దమ్మకూ పడలేదు. "జ్ఞానే కావచ్చు, ఆ తల్లి అన్నాళ్లు ఏడిస్తే ఆ నాలుగు ముక్కలా రాసేది?" అని గది గుమ్మంలోనే అనేసింది. పక్కన ధ్యానంలో ఉన్న ఒక తమిళ పెద్దావిడ కళ్లు తెరిచి చూసి, మళ్లీ మూసుకుంది.

సాయంత్రం సమాధి మందిరంలో రమణులు రాసిన అక్షరమణమాల పాడినవారితో కలిసి పెద్దమ్మ కూడా, తమిళం సరిగా పలకకపోయినా, 'అరుణాచల శివ' అన్న పల్లవి దగ్గర మాత్రం గొంతు కలిపింది. నూట ఎనిమిది పద్యాల ఆ పాట ప్రియుడి కోసం వేగిపోయే నాయిక మొర. ఇద్దరు లేరని చెప్పినవాడు ఇంత విరహాన్ని ఎందుకు రాసుకున్నాడన్న చర్చ పండితులకు ఎప్పుడూ ఉన్నదే. పాడుతున్నంతసేపు అక్కడ ఎవరికీ ఆ ఇబ్బంది ఉన్నట్టు కనిపించలేదు. పెద్దమ్మ ఏడ్చింది, ముక్కు చీదుకుంది, మళ్లీ పాడింది.

బయలుదేరే రోజు ఉదయం ఆమె ఆఫీసు గదికి వెళ్లి, అన్నదానానికి కొంత సొమ్ము కట్టింది. గుమస్తా కాగితం ముందు పెట్టుకుని పేరు, ఊరు అడిగాడు. ఆమె ముందు అక్క పేరు చెప్పింది, తరువాత నక్షత్రం చెప్పింది. రసీదు కట్టినవారి పేరు మీద ఇవ్వాలని గుమస్తా అంటే, "నా పేరుతో మీకేం పని బాబూ, దాని పేరే రాయి" అని, రాసిన అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చదివి చెప్పమని కాగితం నా చేతికిచ్చింది.