శనివారం, ఒక ఐఎస్ఓ ఫైలు, అక్క ఫోను

మేనల్లుడు ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో చేరాడు. "ల్యాబ్‌లో లినక్స్ అంటున్నారు మామా, సోమవారంలోపు నా పాత ల్యాప్‌టాప్‌లో వేసిపెట్టవా" అన్నాడు నిన్న రాత్రి. వాడు అడగడమే నాకు సంతోషం. పొద్దున్నే నా డెస్క్‌టాప్‌లో ఉబుంటు 24.04 (లినక్స్‌లో ఒక రకం) ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాల్‌కి కావలసినదంతా ఉన్న ఒకే ఫైలు, డౌన్‌లోడ్‌కి పెట్టి టిఫిన్‌కి కూర్చున్నా. ఫైలు దాదాపు 6 జీబీ, మాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ మేనేజర్ చూపించేది మెగాబైట్లు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 25 రావాలి, అంటే ఇడ్లీ తినేలోపు అయిపోవాలి. వచ్చి చూస్తే 9 శాతం. స్పీడ్ ఒకసారి 8, ఒకసారి 3, ఉన్నట్టుండి 300 కేబీకి పడిపోయి మళ్లీ లేస్తోంది.

ఒకే తీరుగా నెమ్మదిగా వస్తే నాకంత బాధ ఉండదు, ఎక్కడో ఒకచోట అడ్డుందని తెలిసిపోతుంది. ఇలా ఊగుతుంటేనే టెన్షన్, ఎటు వెతకాలో తోచదు.

ముందు డౌన్‌లోడ్ మేనేజర్‌లో సర్వర్‌కి ఒకేసారి పెట్టుకునే కనెక్షన్లు 4 నుంచి 16కి పెంచా. దూరపు సర్వర్ నుంచి జవాబు వచ్చి చేరడానికే సమయం పడుతుంది కదా, ఫైలుని ముక్కలు చేసి ఒకేసారి తెచ్చుకుంటే మామూలుగా లాభమే. ఈసారి మాత్రం సగం ముక్కలు ఎర్రర్ ఇచ్చి ఆగిపోయాయి, ఒక్కళ్లకి అన్ని కనెక్షన్లు ఆ సర్వర్ ఇవ్వట్లేదు. మళ్లీ 4కి దించి, మన దేశంలోనే ఉన్న ఇంకో మిర్రర్ (అదే ఫైలు ఉంచే వేరే సర్వర్) నుంచి మొదలుపెట్టా. కాస్త నయం, ఊగడం పోలేదు.

ఇంటర్నెట్ వాళ్లకి ఫోన్ చేద్దామని నంబర్ కూడా తీశా, ఏమని చెప్పాలో తెలియక ఆగా. పాల లెక్క రాసే నోట్‌బుక్ తీసి ఐదు నిమిషాలకోసారి టైము, స్పీడు రాస్తూ కూర్చున్నా, ఇంకే సెట్టింగూ ముట్టుకోకుండా. 10:10కి పడింది, 11కి లేచింది, 11:35కి మళ్లీ పడింది. ఆ టైముల్లో ఇంట్లో ఏం జరిగిందా అని గుర్తు చేసుకుంటే, అక్క! 10:10 ప్రాంతంలో ఫోన్ వెనక బెడ్‌రూంలో ఛార్జింగ్‌కి పెట్టింది, 11కి తీసుకుని కూరగాయలకి వెళ్లింది, రాగానే మళ్లీ పెట్టింది. ఛార్జింగ్ ఎక్కిందంటే చాలు, ఆ ఫోన్ బాబాయి కూతురి పెళ్లి వీడియోలు బ్యాకప్ చేయడం మొదలుపెడుతుంది.

అక్క ఫోనూ, నా డెస్క్‌టాప్‌కి పెట్టిన చిన్న వైఫై డాంగిలూ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే వైఫై బ్యాండ్ మీదే ఉన్నాయి. ఒక ఛానెల్ మీద ఒకసారి ఒకళ్లే మాట్లాడాలి. ఫోన్ రెండు గోడల అవతల ఉంది, సిగ్నల్ బలహీనం, అందుకే ఒక్కో ముక్క పంపడానికి చాలాసేపు తీసుకుంటుంది, అంతసేపూ మిగతావాళ్లం ఆగాలి. పైగా మా మల్కాజిగిరి అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటుకో రౌటర్, అన్నీ ఆ కొద్ది ఛానెళ్లలోనే.

బ్యాకప్ ఆపమని అక్కతో అనబుద్ధి కాలేదు. ఆ వీడియోల్లో నాయనమ్మ అక్షింతలు వేస్తూ నవ్వుతోంది, అవి పోకుండా ఉండటం నాకు ఐఎస్ఓ కంటే ముఖ్యం.

అటక మీదున్న పాత లాన్ కేబుల్ దించి రౌటర్ నుంచి నేరుగా లాగా. గ్రాఫ్ గీత గీసినట్టు నిలబడింది, కానీ 11.5 ఎంబీ దగ్గర! ఒక్క పాయింటు పైకి పోదు. కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య లింక్ స్పీడ్ చూస్తే 100 ఎంబీపీఎస్ అని ఉంది. గిగాబిట్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ బాగుండాలి, 100కి నాలుగు చాలు. ఏళ్ల తరబడి తలుపు కింద నలిగిన కేబుల్ అది, ఏదో ఒక తీగ తెగి ఉంటుంది. ఫైలు ఎలాగూ అదే వేగంతో దిగిపోతుంది, అయినా మనసు ఒప్పుకోలేదు, డౌన్‌లోడ్ పాజ్ చేసి బండి తీసి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి పది మీటర్ల క్యాట్ 6 లాన్ కేబుల్ కొనుక్కొచ్చా. పెట్టగానే లింక్ 1 జీబీపీఎస్, స్పీడ్ 23. మిగిలిన ఫైలు చూస్తుండగానే దిగింది.

పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ముందు షా256 చూశాం, అది ఫైలుకి వేలిముద్ర లాంటిది, ఫైలులో ఏం మారినా అదీ మారిపోతుంది. ఇన్నిసార్లు తెగి అతుక్కున్న ఫైలుని నేను ఊరికే నమ్మను. 64 అక్షరాలూ మేనల్లుడు పైకి చదువుతుంటే ఉబుంటు వాళ్లు ఇచ్చిన దానితో ఒక్కొక్కటే సరిచూశా, అన్నీ కలిశాయి. వాడిప్పుడు హాల్లో ఇన్‌స్టాల్ చేసుకుంటున్నాడు. అక్క ఫోన్ ఇంకా ఛార్జింగ్‌లోనే ఉంది, ఇంకో 140 వీడియోలు ఎక్కాలట.