రూల్ కన్నా ముందు దారి: క్లౌడ్‌లో ఫైర్‌వాల్ పెట్టిన నా అనుభవం

ఆఫీసులో బాక్స్ రూపంలో ఉండే ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లోకి వచ్చిపోయే ట్రాఫిక్‌ని మనం రాసిన రూల్స్ ప్రకారం వదిలే లేదా ఆపే కాపలా) మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ళకి, అదే ఫైర్‌వాల్ క్లౌడ్‌లో పెట్టమంటే మొదట తేలికగానే కనిపిస్తుంది. స్క్రీన్ అదే, మెనూలు అవే, రూల్ రాసే పద్ధతీ అదే. తేడా అంతా దాని చుట్టూ ఉంది. ఆఫీసులో కేబుల్ ఎక్కడ పెడితే ట్రాఫిక్ అక్కడి నుంచి వస్తుంది. క్లౌడ్‌లో ఆ కేబుల్ లేదు. ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో ప్రయాణించే డేటా ముక్క) ఫైర్‌వాల్ దాకా రావాలంటే రూట్ టేబుల్‌లో, అంటే ఏ అడ్రస్‌కి ఏ దారో రాసే పట్టికలో, మనమే చెప్పాలి. చెప్పకపోతే ఫైర్‌వాల్ మొహం కూడా చూడకుండా వెళ్ళిపోతుంది. ఈ మధ్య ఒక కంపెనీకి ఈ పని మొదటి నుంచి చివరిదాకా చేశాను. ఇదే పని నెత్తిన పడబోయేవాళ్ళకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

కంపెనీది మందుల హోల్‌సేల్ వ్యాపారం. బాలానగర్‌లో గోడౌన్, వరంగల్‌లో, కరీంనగర్‌లో బ్రాంచీలు. సర్వర్లన్నీ గోడౌన్ పైఅంతస్తులో ఒక చిన్న గదిలో ఉండేవి. వాటిని అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌కి మార్చాలని నిర్ణయించుకున్నారు. ఈ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలైంది, కన్సోల్‌లో ఏపీ-సౌత్-2 అని కనిపిస్తుంది. బ్రాంచీల్లో అప్పటికే ఫోర్టిగేట్ అనే ఫైర్‌వాల్ బాక్సులు ఉన్నాయి కాబట్టి క్లౌడ్‌లో కూడా దాని వర్చువల్ అప్లయన్స్ (బాక్స్ లేకుండా సాఫ్ట్‌వేర్‌గా నడిచే రూపం) తీసుకున్నాం. అక్కడి సిబ్బందికి చేయి అలవాటున్న వస్తువు, కొత్తగా నేర్పాల్సిన అవసరం లేదు.

మాదాపూర్‌లోని మా ఆఫీసులో కూర్చుని కాన్ఫిగరేషన్ మొదలుపెట్టే ముందు, పాత ఫైర్‌వాల్ రూల్స్ ఒక ఎక్సెల్ షీట్‌లోకి తీసుకున్నాను. యాజమాన్యం వాటిని ఉన్నవున్నట్టు ఎక్కించేయమంది. నేను ఒప్పుకోలేదు. ఏళ్లుగా పేరుకుపోయిన రూల్స్ అవి. కొన్నిటికి పేరు లేదు, కొన్నిటికి 'టెంప్', 'టెస్ట్2' అని ఉంది. షీట్ ప్రింట్ తీసుకుని బాలానగర్ వెళ్ళి, అక్కడ అందరికన్నా పాతవారైన అకౌంటెంట్ గారి ముందు పెట్టాను. నెట్‌వర్క్ గురించి ఆయనకేమీ తెలియదు. కానీ ఏ కంప్యూటర్ ఎవరు వాడతారో, ఏ రోజు ఏ పని జరుగుతుందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"సార్, బయటి నుంచి ఈ మెషిన్‌కి రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి ఉంది. ఎవరి కోసం?" అని అడిగాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "అది సాఫ్ట్‌వేర్ వాళ్ళు వచ్చినప్పుడు పెట్టిండ్రు బాబూ. ఆ పిల్లగాడు ఉద్యోగం మానేసి కూడా చాన్నాళ్ళైంది."

ఆ పిల్లగాడి కోసం, దూరం నుంచి మెషిన్‌ని నడిపే రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు (మెషిన్‌లో ఒక్కో సేవకి ఉండే తలుపు నంబర్) ప్రపంచం మొత్తానికి తెరిచే ఉంది. ఇంటర్నెట్‌లో ఆ పోర్టు తెరిచి పెట్టిన మెషిన్ల కోసం రాత్రింబవళ్ళు వెతుకుతూనే ఉంటారు. పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటే వేసి చూస్తారు, దొరికితే డేటా అంతా తాళం వేసి డబ్బులడుగుతారు. ఒక మందుల గోడౌన్‌లో బిల్లింగ్ ఆగితే ఎన్ని మెడికల్ షాపులకి సరుకు ఆగుతుందో ఆలోచించండి. ఆ రూల్ పక్కన ఎర్ర పెన్నుతో కొట్టేశాను. అలా ఒక్కో లైనుకీ 'ఇది ఎవరికి కావాలి' అని అడుగుతూ పోతే షీట్‌లో సగానికి పైగా పోయింది. మిగిలిన ప్రతి రూల్‌కీ ఒక మనిషి పేరు, ఒక కారణం రాసుకున్నాం. కొత్త ఫైర్‌వాల్‌లో కామెంట్ గడిలో అవే ఎక్కించాను. ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది ఆ మధ్యాహ్నమే.

తర్వాత కాగితం మీద బొమ్మ గీశాం. మొత్తం నెట్‌వర్క్ 10.20.0.0/16 (గీత తర్వాతి అంకె అడ్రస్‌ల పరిధి ఎంతో చెబుతుంది, అంకె పెరిగితే పరిధి తగ్గుతుంది). అందులో బయటి సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక భాగం) 10.20.1.0/24, లోపలి సబ్‌నెట్ 10.20.2.0/24, అప్లికేషన్ సర్వర్లకి 10.20.11.0/24, డేటాబేస్‌కి 10.20.21.0/24. ఫైర్‌వాల్‌కి రెండు ఇంటర్‌ఫేస్‌లు (నెట్‌వర్క్‌కి కలిసే చోట్లు; పోర్ట్1, పోర్ట్2 అనేవి వాటి పేర్లు, 3389 లాంటి పోర్టు నంబర్లు కావు): బయట పోర్ట్1కి 10.20.1.10, లోపల పోర్ట్2కి 10.20.2.10. ప్రతి ట్రాఫిక్‌కీ వెళ్ళే దారి నీలం సిరాతో, తిరిగొచ్చే దారి ఎరుపుతో గీయమని మా జూనియర్‌కి చెప్పాను. రెండు గీతలూ ఫైర్‌వాల్ గుండా పోకపోతే ఆ కనెక్షన్ నిలబడదు.

అప్లయన్స్ ఆన్ చేయగానే పాస్‌వర్డ్ మార్చుకోవాలి. ఏడబ్ల్యూఎస్‌లో ఫోర్టిగేట్‌కి మొదటి పాస్‌వర్డ్ ఆ ఇన్‌స్టన్స్ (క్లౌడ్‌లో నడిచే ఆ వర్చువల్ మెషిన్) ఐడీయే. ఆ తర్వాత రెండు ఇంటర్‌ఫేస్‌ల మీదా సోర్స్-డెస్టినేషన్ చెక్ ఆపాలి. మామూలుగా ఒక మెషిన్ తన అడ్రస్ లేని ప్యాకెట్‌ని తీసుకుంటే క్లౌడ్ దాన్ని పడేస్తుంది. ఫైర్‌వాల్ పనే ఇతరుల ప్యాకెట్లు చేతులు మార్చడం. ఈ సెట్టింగ్ ఇంటర్‌ఫేస్‌కి విడివిడిగా ఉంటుంది కాబట్టి రెండో దాన్ని కూడా తెరిచి చూసుకోవాలి.

అప్లికేషన్ సబ్‌నెట్ రూట్ టేబుల్‌లో 0.0.0.0/0 (వేరే దారి రాయని అడ్రస్‌లన్నీ) అంతా పోర్ట్2 ఇంటర్‌ఫేస్‌కి తిప్పాం. బయటికి వెళ్ళే రూల్ రాశాం. పింగ్ (అవతలి మెషిన్ పలుకుతుందో లేదో చూసే పరీక్ష) కొడితే జవాబు లేదు. "అన్నా, రూల్ కరెక్టే ఉంది, అయినా వస్తలేదు" అన్నాడు మావాడు. ఇలాంటప్పుడు రూల్‌ని మళ్ళీ మళ్ళీ మార్చి చూడటం దండగ. డీబగ్ ఫ్లో (ఒక్కో ప్యాకెట్‌ని ఫైర్‌వాల్ ఏం చేసిందో చూపే ఆదేశం) పెట్టి చూస్తే ఫైర్‌వాల్ తనే చెప్పింది: 'రివర్స్ పాత్ చెక్ ఫెయిల్, డ్రాప్'. విషయమేమిటంటే, 10.20.11.25 నుంచి ప్యాకెట్ పోర్ట్2 మీద వచ్చింది. కానీ ఫైర్‌వాల్ సొంత రూటింగ్ టేబుల్‌లో పోర్ట్2 వెనక 10.20.2.0/24 ఒక్కటే ఉంది. మిగతావన్నీ డిఫాల్ట్ రూట్ ప్రకారం పోర్ట్1 వైపు ఉన్నాయి. ఆ అడ్రస్ ఈ వైపు నుంచి రావడమేంటని అనుమానించి పడేసింది. నిజానికి దాని అనుమానం న్యాయమైనదే. 10.20.0.0/16కి 10.20.2.1 గేట్‌వేగా (ప్యాకెట్‌కి తర్వాతి మజిలీగా), పోర్ట్2 మీదుగా స్టాటిక్ రూట్ (మనం చేత్తో రాసే దారి) రాయగానే పింగ్ జవాబులు వరసగా వచ్చాయి. ప్రతి సబ్‌నెట్‌లో మొదటి అడ్రస్ క్లౌడ్ రౌటర్‌దే కాబట్టి గేట్‌వే ఎప్పుడూ అదే.

మెడికల్ షాపులవాళ్ళు ఆర్డర్లు పెట్టే పోర్టల్‌ని బయటికి చూపించడం ఆ తర్వాతి పని. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆఫీసు బాక్స్‌లో అయితే పబ్లిక్ ఐపీని డెస్టినేషన్‌గా పెట్టి, లోపలి సర్వర్‌కి మళ్ళిస్తాం. క్లౌడ్‌లో పబ్లిక్ ఐపీ ఫైర్‌వాల్ మీద ఉండదు. ఇంటర్నెట్ గేట్‌వే దగ్గరే అది ప్రైవేట్ ఐపీగా మారిపోతుంది. ప్యాకెట్ పోర్ట్1కి చేరేసరికి దాని మీద 10.20.1.10 అనే ఉంటుంది. అందుకే వర్చువల్ ఐపీలో (వచ్చిన ట్రాఫిక్‌ని లోపలి సర్వర్‌కి మళ్ళించే ఫోర్టిగేట్ సెట్టింగ్) పబ్లిక్ అడ్రస్ కాకుండా 10.20.1.10, పోర్టు 443 అని రాయాలి. ఇంకో సంగతి, ఫోర్టిగేట్ అడ్మిన్ పేజీ కూడా మామూలుగా 443లోనే ఉంటుంది. ముందు దాన్ని వేరే పోర్టుకి మార్చి, సెక్యూరిటీ గ్రూప్‌లో (ఒక్కో మెషిన్ ముందు ఏడబ్ల్యూఎస్ పెట్టే సొంత ఫిల్టర్) మా ఆఫీసు స్టాటిక్ ఐపీకి మాత్రమే తెరిచి, ఆ తర్వాతే పోర్టల్ రూల్ ఎక్కించాం.

అప్లికేషన్ సర్వర్ సెక్యూరిటీ గ్రూప్‌లో ఫైర్‌వాల్ ఐపీని మాత్రమే అనుమతిస్తే చాలని అప్లికేషన్ టీమ్ అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ మనం డెస్టినేషన్ మాత్రమే మారుస్తున్నాం, సోర్స్ మార్చడం లేదు. సర్వర్ దగ్గరికొచ్చే ప్యాకెట్ మీద షాపువాళ్ళ అడ్రసే ఉంటుంది. షాపువాళ్ళ అసలు ఐపీ లాగ్‌లో ఉండటం మాకు ముఖ్యం. కాబట్టి సోర్స్ నాట్ (పంపినవాళ్ళ అడ్రస్ మార్చడం) పెట్టకుండా, ఆ ఒక్క పోర్టుకి సెక్యూరిటీ గ్రూప్‌ని తెరిచి, వడపోత అంతా ఫైర్‌వాల్‌లో పెట్టాం.

ఏదైనా ఆగినప్పుడు ఎక్కడ ఆగిందో తేల్చడానికి మేం మూడు చోట్ల చూసేవాళ్ళం. వీపీసీ (ఏడబ్ల్యూఎస్‌లో మన సొంత నెట్‌వర్క్) ఫ్లో లాగ్‌లో రిజెక్ట్ అని ఉంటే సెక్యూరిటీ గ్రూప్ లేదా నెట్‌వర్క్ ఏసీఎల్ (సబ్‌నెట్ అంచున ఉండే ఫిల్టర్) ఆపినట్టు. ఫైర్‌వాల్ నిర్ణయం ఆ లాగ్‌కి తెలియదు. అక్కడ యాక్సెప్ట్ ఉంటే ఫైర్‌వాల్ స్నిఫర్ (ప్యాకెట్లు వచ్చిపోవడం చూపే సాధనం) చూడాలి: పోర్ట్1 ఇన్ కనిపించి పోర్ట్2 అవుట్ లేకపోతే తప్పు ఫైర్‌వాల్ రూల్‌లోనో రూట్‌లోనో ఉంది. రెండూ కనిపించి జవాబు రాకపోతే సర్వర్ వైపు చూడాలి. నెట్‌వర్క్ ఏసీఎల్ వాడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. సెక్యూరిటీ గ్రూప్‌లాగా అది కనెక్షన్‌ని గుర్తుపెట్టుకోదు, జవాబులు తిరిగొచ్చే 1024 నుంచి 65535 దాకా పోర్టులు మనమే తెరవాలి.

అసలు జాగ్రత్త అప్లికేషన్‌కీ డేటాబేస్‌కీ మధ్య ఉంది. వీపీసీలో 'లోకల్' అనే రూట్ పుట్టుకతోనే ఉంటుంది. సబ్‌నెట్‌లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి. ఫైర్‌వాల్‌లో ఎన్ని రూల్స్ రాసినా ఈ ట్రాఫిక్ దాని దగ్గరికే రాదు. గేటు దగ్గర వాచ్‌మన్‌ని పెట్టి, లోపల ఫ్లాట్లకీ ఫ్లాట్లకీ మధ్య గోడలే కట్టనట్టు. 2021 నుంచి ఏడబ్ల్యూఎస్‌లో లోకల్ కన్నా చిన్న పరిధికి వేరే రూట్ రాసుకునే వీలుంది. అప్లికేషన్ టేబుల్‌లో 10.20.21.0/24ని, డేటాబేస్ టేబుల్‌లో 10.20.11.0/24ని పోర్ట్2కి తిప్పాలి. రెండు వైపులా తప్పనిసరి. ఒక వైపే తిప్పితే, మొదటి ప్యాకెట్ ఫైర్‌వాల్ గుండా వెళ్ళి జవాబు నేరుగా వచ్చేస్తుంది. సగం సంభాషణ మాత్రమే విన్న ఫైర్‌వాల్ ఆ కనెక్షన్‌ని నమ్మదు. నీలం, ఎరుపు గీతల విలువ ఇక్కడ తెలిసింది.

రూల్ కూడా పోర్ట్2 నుంచి పోర్ట్2కే రాయాలి, డేటాబేస్ వాడే 1433 ఒక్క పోర్టుకి. చూడ్డానికి వింతగా ఉంటుంది కానీ వచ్చేదీ పోయేదీ ఒకే తలుపు. దానికి తోడు, డేటాబేస్ సెక్యూరిటీ గ్రూప్‌లో సోర్స్‌గా అప్లికేషన్ సెక్యూరిటీ గ్రూప్ పేరు రాస్తే ఇప్పుడు చెల్లదు. మధ్యలో అప్లయన్స్ ఉన్నప్పుడు సబ్‌నెట్ అడ్రసే రాయాలి.

బ్రాంచీల వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా బ్రాంచీలని కలిపే రహస్య దారి) త్వరగానే అయింది. పబ్లిక్ ఐపీ ఫైర్‌వాల్ మీద లేదు కాబట్టి ట్రాఫిక్ యూడీపీ పోర్టు 4500లో నడుస్తుంది, 500తో పాటు అది కూడా తెరవాలి. వరంగల్, కరీంనగర్ రెండూ 192.168.1.0/24లోనే ఉన్నాయి, అడ్రస్‌లు ఢీకొంటాయి కాబట్టి ఒకటి మార్చక తప్పలేదు. కరీంనగర్ స్టోర్ ఇన్‌ఛార్జి ఫోన్‌లో ఒక్కో ప్రింటర్ అడ్రస్ ఓపికగా మార్చారు. లాగిన్ పేజీ వచ్చి పెద్ద రిపోర్టు దగ్గర ఆగిపోతుంటే అది ప్యాకెట్ సైజు సమస్య. రూల్‌లో టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితి) 1350కి తగ్గిస్తే సరిపోయింది.

సర్వర్లు బయటికి వెళ్ళే రూల్స్‌లో జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్, ఎస్ఎంఎస్ గేట్‌వే లాంటివి డొమైన్ పేరుతో రాశాం, ఐపీలు మారుతుంటాయి కాబట్టి. ఇక్కడ ఫైర్‌వాల్, సర్వర్ ఇద్దరూ ఒకే డీఎన్ఎస్‌ని (డొమైన్ పేరుకి ఐపీ చెప్పే సర్వర్) అడగాలి. సర్వర్లు వీపీసీ సొంత డీఎన్ఎస్ అయిన 10.20.0.2ని అడుగుతాయి. ఫైర్‌వాల్ వేరే చోట అడిగితే ఒకే పేరుకి వేరే ఐపీ దొరికి, రూల్ ఉండి కూడా కొన్నిసార్లు వెళ్తుంది, కొన్నిసార్లు ఆగుతుంది. అప్పుడొచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఫైర్‌వాల్‌కీ 10.20.0.2నే ఇచ్చాం.

చివరి ఇంప్లిసిట్ డినై (పై రూల్స్ దేనికీ తగలనిదంతా ఆపే) రూల్‌కి లాగింగ్ ఆన్ చేశాం. అది లేకపోతే ఏది ఆగిందో కనిపించదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్స్ 180 రోజులు భద్రపరచాలి. అందుకని వాటిని అప్లయన్స్ డిస్క్ మీద వదలకుండా విడిగా సిస్‌లాగ్ (లాగ్స్ దాచే) సర్వర్‌కి పంపాం. ఆదివారం రాత్రి మార్పిడి జరిగింది. సోమవారం ఉదయం ఆ డినై లాగ్ ముందే కూర్చున్నాం. గోడౌన్‌లో బార్‌కోడ్ ప్రింట్ సర్వర్ ఒకటి ఆగుతోంది. అది షీట్‌లో లేదు. అకౌంటెంట్ గారికి ఫోన్ చేస్తే ఎవరిదో, దేనికో వెంటనే చెప్పారు. పేరు, కారణం రాసి రూల్ వేశాం.

మధ్యలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు మళ్ళీ రిమోట్ డెస్క్‌టాప్ అడిగారు. వీపీఎన్ మీదుగా, ఒక్క మెషిన్‌కి, శుక్రవారం సాయంత్రంతో ముగిసే షెడ్యూల్ పెట్టి ఇచ్చాం. గడువు దాటితే రూల్ దానంతట అదే పనిచేయడం మానేస్తుంది.

ఇంకా మిగిలింది రెండో అప్లయన్స్. ఇప్పుడున్నది ఒక్కటే అవైలబిలిటీ జోన్‌లో (రీజియన్‌లో విడిగా నిలబడే డేటాసెంటర్ భాగం) ఉంది. ఆఫీసు బాక్సుల్లో ఒకటి పడిపోతే రెండోది అదే అడ్రస్ అందుకుంటుంది. క్లౌడ్‌లో అలా కుదరదు. రెండో ఫైర్‌వాల్ ఏపీఐ (క్లౌడ్‌కి ప్రోగ్రామ్ నేరుగా ఆదేశాలిచ్చే మార్గం) ద్వారా పబ్లిక్ ఐపీని తన వైపు లాక్కుని, రూట్ టేబుల్స్ కూడా మార్చాలి. అందుకు తగిన ఐఏఎమ్ రోల్ (ఏడబ్ల్యూఎస్‌లో ఏం చేయొచ్చో చెప్పే అనుమతుల మూట) ఇవ్వాలి, అవసరమైనంత అనుమతితోనే. ఆ బొమ్మ ఇప్పుడు గీస్తున్నాం, అవే రెండు రంగులతో.