కాగితం మీద లేబర్, కడ్డీల మీద మేస్త్రీ

అమెరికాలోని మా కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి ప్రాంతంలో, కేంద్ర ప్రభుత్వ నిధులతో జరిగే ప్రతి రోడ్డు పని నుంచి, ప్రతి కల్వర్టు పని నుంచి వారానికొకసారి నా దగ్గరకు ఒక జీతాల పట్టీ వస్తుంది. ఇక్కడ దాన్ని సర్టిఫైడ్ పేరోల్ అంటారు. కార్మిక శాఖ దీనికోసం తయారుచేసిన నమూనా పత్రం పేరు డబ్ల్యూహెచ్-347. అందులో ఒక్కొక్క కార్మికుడికి ఒక్కొక్క వరస ఉంటుంది: పేరు, ఏ పనివాడు, ఏ రోజు ఎన్ని గంటలు చేశాడు, గంటకు ఎంత, కోతలు ఎంత, చివరికి చేతికి అందినది ఎంత. దానితోపాటు సంతకం పెట్టిన ఒక ప్రకటన జతచేయాలి. పట్టీలో ఉన్నవాళ్లందరికీ రావలసిన కూలి పూర్తిగా ఇచ్చామని, ఇచ్చినదాంట్లోంచి ఏ రూపంలోనూ వెనక్కి తీసుకోలేదని కాంట్రాక్టరు తరఫున ఇచ్చే హామీ అది. అబద్ధమని తేలితే వ్యవహారం క్రిమినల్ కేసు దాకా వెళ్లవచ్చు. కౌంటీ ప్రభుత్వ రోడ్ల విభాగంలో ఈ పట్టీలను సరిచూడడమే పదకొండేళ్లుగా నా ఉద్యోగం.

సివిల్ ఇంజనీరింగ్ చదివి కూలీల లెక్కలు చూడడమేమిటని మా మేనమామ ఒకసారి నొచ్చుకున్నాడు. ఆయనకు ఫోన్‌లో చెప్పిన జవాబునే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. నాకు తెలిసిన తెలుగు పిల్లలు కొందరు ఇక్కడి కన్సల్టింగ్ కంపెనీల్లో సైట్ ఇన్‌స్పెక్టర్లుగా చేరుతున్నారు. కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసే స్లంప్ పరీక్ష మీద వాళ్లు పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ సంగతి మీద పెడితే బాగుండునని నా కోరిక.

దీనంతటికీ మూలం డేవిస్-బేకన్ చట్టం. కేంద్ర ప్రభుత్వం 2,000 డాలర్లకు మించిన నిర్మాణ కాంట్రాక్టు ఎవరికైనా ఇస్తే, ఆ సైటులో చేతులతో పని చేసే ప్రతి మనిషికీ ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న కూలి కంటే తక్కువ ఇవ్వకూడదని ఈ చట్టం చెబుతుంది. తర్వాత వచ్చిన అనుబంధ చట్టాలు పదుల సంఖ్యలో ఉన్నాయి. రాష్ట్రాలకూ కౌంటీలకూ కేంద్రం ఇచ్చే గ్రాంట్లతో కట్టే రోడ్లు, ఇళ్లు, నీటి పథకాలు వంటివాటికి కూడా ఈ నియమాన్ని వర్తింపజేసినవి అవే. మాలాంటి చిన్న కార్యాలయం ఈ పని చేయవలసి రావడానికి కారణం ఆ గ్రాంట్లే.

చట్టం పుట్టిన కథ చదివినప్పుడు నాకు మా పాలమూరు గుర్తుకొచ్చింది. 1927లో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో మాజీ సైనికుల కోసం ప్రభుత్వ ఆసుపత్రి కట్టవలసి వచ్చింది. అలబామాకు చెందిన కాంట్రాక్టరు తక్కువ ధరకు టెండరు పాడి, తన రాష్ట్రం నుంచే కూలీలను తెచ్చుకున్నాడు. స్థానికంగా నడుస్తున్న కూలి కంటే చాలా తక్కువకు వాళ్లచేత పని చేయించాడు. ఆ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడు రాబర్ట్ బేకన్ దాన్ని చూసి బిల్లు పెట్టాడు, కాని అది నెగ్గడానికి నాలుగేళ్లు పట్టింది. అంతకుముందు కార్మిక శాఖ మంత్రిగా పనిచేసి, ఆ తర్వాత పెన్సిల్వేనియా సెనేటరైన జేమ్స్ డేవిస్ తోడవడంతో, 1931 మార్చి 3న అధ్యక్షుడు హూవర్ దాని మీద సంతకం చేశాడు. లాంగ్ ఐలాండ్‌కు వచ్చిన ఆ కూలీలు నల్లజాతి వాళ్లు. అప్పటి చర్చల్లో కొందరు సభ్యులు వాళ్ల గురించి మాట్లాడిన తీరు సిగ్గుపడవలసినది. నల్లవాళ్లను చేర్చుకోని యూనియన్లకే ఈ చట్టం మేలు చేసిందన్న విమర్శ ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ విమర్శను తోసిపుచ్చడం సరికాదు. కాని తక్కువకు వచ్చిన కూలీది తప్పు కాదు, తక్కువకు తెచ్చినవాడిది తప్పు అన్నదే చట్టం పాఠం నుంచి చివరికి నాకు అర్థమయ్యేది. ఎక్కడి నుంచి వచ్చినవాడైనా, ఏ రంగువాడైనా, ఆ కౌంటీలో ఆ పనికున్న కూలి అతనికి ఇవ్వవలసిందే.

మా పెదనాయన గుంపు మేస్త్రీ వెంట కాలువ పనులకు కర్ణాటకకు, మహారాష్ట్రకు వెళ్లేవాడు. ఊళ్లో చేతికందిన అడ్వాన్సు తీరేదాకా పని చేయాలి. రోజుకు ఎంత కూలి పడుతుందో, ఎన్ని రోజులు లెక్కలో రాశారో మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. వలస కూలీకి అక్కడి స్థానిక కూలీ కంటే తక్కువ ఇవ్వకూడదని 1979లో మన దేశంలోనూ అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. ఆ సంగతి పెదనాయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నిరూపించుకోవడానికి ఆయన దగ్గర ఒక్క కాగితమూ లేదు. వారం వారం వచ్చే పట్టీని నేను అంత పట్టుదలగా చదవడానికి కారణం అదే.

ఇక్కడ కూలి రేటును వేజ్ డిటర్మినేషన్ అనే పత్రంలో ప్రకటిస్తారు. కౌంటీని బట్టి, పని రకాన్ని బట్టి రేటు మారుతుంది. భవనాలకు ఒకటి, నివాస గృహాలకు ఒకటి, రహదారులకు ఒకటి, డ్యాములూ పైపులైన్ల వంటి భారీ పనులకు ఒకటి చొప్పున నాలుగు రకాలు ఉంటాయి. కార్మిక శాఖ సర్వే చేసి, ఒక పని చేసేవాళ్లలో సగం మందికి పైగా ఒకే రేటు అందుతుంటే దాన్నే నడుస్తున్న కూలిగా ప్రకటిస్తుంది. అలాంటి ఒకే రేటు దొరకకపోతే ఏం చేయాలన్నది దశాబ్దాల తగాదా. మొదట్లో కనీసం 30 శాతం మందికి అందే రేటును తీసుకునేవాళ్లు. అధ్యక్షుడు రీగన్ కాలంలో, 1980ల తొలి సంవత్సరాల్లో, దాన్ని తీసేసి సగటును పెట్టారు. 2023 అక్టోబరు నుంచి అమలైన కొత్త నిబంధనలు 30 శాతం పద్ధతిని తిరిగి తెచ్చాయి. నా అభిప్రాయంలో ఇది సరైన సవరణ, ఎందుకంటే సగటు తీస్తే వచ్చే అంకె చాలాసార్లు ఆ ఊళ్లో ఏ ఒక్క మేస్త్రీకీ నిజంగా అందే కూలి కాదు.

రేటులో రెండు భాగాలుంటాయి. ఒకటి మూల వేతనం, రెండోది ఫ్రింజ్, అంటే ఆరోగ్య బీమా, పింఛను వంటివాటి విలువ. ఫ్రింజ్‌ను నిజమైన పథకంలో జమ చేయవచ్చు, లేదా నగదుగా చేతికివ్వవచ్చు. ఈ రెండో భాగం 1964 సవరణతో వచ్చింది. ఉదాహరణకు మూల వేతనం గంటకు 24 డాలర్లు, ఫ్రింజ్ 8 డాలర్లు అనుకుందాం. మామూలు గంటకు 32 అవుతుంది. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి, కాని ఆ ఒకటిన్నర మూల వేతనానికే వర్తిస్తుంది కాబట్టి 36కు 8 కలిపి 44 అవుతుంది. కొత్త సబ్ కాంట్రాక్టర్లు 36 ఇచ్చి ఊరుకోవడం నేను చాలాసార్లు చూశాను. అది చాలావరకు తెలియనితనమే, ఒక ఫోన్‌తో సరిపోతుంది.

మోసం ఎక్కువగా జరిగేది రేటు దగ్గర కాదు, ‘ఏ పనివాడు’ అన్న గడి దగ్గర. రెండేళ్ల కిందటి ఒక కల్వర్టు పని సంగతి చెబుతాను. ఆ పనిలో ఒక సబ్ కాంట్రాక్టరు పట్టీలో నలుగురు ఉండేవాళ్లు, నలుగురూ లేబరర్లే, అంటే మామూలు కూలీలే. ఆరు వారాల పట్టీల్లోనూ అంకెలన్నీ శుభ్రంగా ఉన్నాయి, కూడికల్లో తప్పు లేదు, సంతకం ఉంది. కాని ఆ ఆరు వారాల్లో అక్కడ జరిగిందల్లా కల్వర్టు స్లాబుకు కడ్డీలు పరిచి కట్టడమేనని ఇన్‌స్పెక్టరు డైరీలో ఉంది. నలుగురూ లేబరర్లైతే కడ్డీలు కట్టింది ఎవరు?

మర్నాడు పొద్దున్నే స్పానిష్ తెలిసిన ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని సైటుకు వెళ్లాను. యాభై ఏళ్లు దాటినట్టున్న మనిషి ఒకాయన కడ్డీల జల్లెడ మీద నడుము వంచి నిలబడి ఉన్నాడు. నడుముకు బైండింగ్ తీగ చుట్ట వేలాడుతోంది. ఎడమ చేత్తో తీగ లాగి, రెండు కడ్డీలు కలిసే చోట చుట్టి, కుడి చేతిలోని పట్టకారుతో ఒక్క మెలి తిప్పి, అదే విసురులో కొస తెంపి తర్వాతి కూడలికి జరుగుతున్నాడు. ఒక్కో ముడికి రెండు మూడు సెకన్లకు మించి పట్టడం లేదు. అంత వేగం ఏళ్ల తరబడి చేసినవాడికే వస్తుంది.

పని మధ్యలో కార్మికుణ్ణి పక్కకు పిలిచి మాట్లాడే అధికారం మాకుంది. దానికి ఎస్‌ఎఫ్-1445 అనే పత్రం ఉంది, అందులో వాడే పనిముట్లేమిటో కూడా రాయాలి. ఫోర్‌మన్‌కు వినబడనంత దూరంలో మాట్లాడతాం. చెప్పింది ఎవరో యజమానికి తెలియనివ్వం. ఈ రహస్యం నిలబడకపోతే రేపు ఎవరూ నోరు విప్పరు. ఆయన చెప్పింది తక్కువే. ఇరవై ఏళ్లుగా కడ్డీల పనే చేస్తున్నాడు, తన పేరు పక్కన లేబరర్ అని రాశారన్న సంగతే ఆయనకు తెలియదు. చెక్కు మీద పడిన మొత్తం చూసుకోవడమే తప్ప పట్టీని ఎవరూ చూపించలేదు.

ఆ కౌంటీ పత్రంలో కడ్డీల పనివాడికీ లేబరర్‌కూ ఫ్రింజ్‌తో కలిపి గంటకు సుమారు 11 డాలర్ల తేడా ఉంది. వారానికి 40 గంటల చొప్పున ఆరు వారాలకు 240 గంటలు, అంటే ఒక మనిషికి 2,640 డాలర్లు. వాళ్లు కొంతసేపు మట్టి పని కూడా చేశారు కదా అని సబ్ కాంట్రాక్టరు వాదించాడు. నిబంధన దానికి దారి ఇస్తుంది. ఏ పని ఎన్ని గంటలు చేశాడో కచ్చితంగా రాసి పెట్టుకుంటే దేని రేటు దానికే ఇవ్వవచ్చు. రాసి పెట్టుకోకపోతే అన్ని గంటలకూ పెద్ద రేటే ఇవ్వాలి. ఆయన దగ్గర అలాంటి రాత ఏదీ లేదు. వారిలో ఒకతను అప్రెంటిస్ అని కూడా అన్నాడు. ప్రభుత్వం దగ్గర నమోదైన శిక్షణ పథకంలో చేరినవాడే అప్రెంటిస్, కాకపోతే అతనికీ పూర్తి కూలే.

అప్పుడు నేను వెళ్లింది సబ్ కాంట్రాక్టరు దగ్గరకు కాదు, మొత్తం పని తీసుకున్న ప్రైమ్ కాంట్రాక్టరు దగ్గరకు. కింది అంచెల్లో ఎవరు ఎగ్గొట్టినా పైవాడే బాధ్యుడు. బిల్లులోంచి ఆ మేరకు సొమ్ము ఆపే హక్కు మాకుంటుంది, ఇక కావాలని చేసినట్టు తేలితే మూడేళ్లు కేంద్ర నిధుల పనులకు దూరంగా ఉంచే శిక్ష పడవచ్చు. బిల్లు ఆగుతుందని ఉత్తరం వెళ్లాక నలుగురికీ చెక్కులు రావడానికి ఎంతో కాలం పట్టలేదు.

చెక్కులు వచ్చినంత మాత్రాన పని అయిపోదు. పొద్దున చెక్కు ఇచ్చి సాయంత్రం కొంత నగదు తిరిగి రాబట్టుకునే దురాచారం ఈ దేశంలోనూ పాతదే, దాన్ని నేరంగా నిర్ణయిస్తూ 1934లోనే కోప్‌లాండ్ చట్టం వచ్చింది. అందుకే చెక్కులు అందిన రెండు వారాలకు మళ్లీ సైటుకు వెళ్లి నలుగురినీ విడివిడిగా అడిగాం. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని నలుగురూ చెప్పారు.

ఈ చట్టం పనుల ఖర్చు పెంచుతుందనే వాళ్లున్నారు. 2005లో కత్రినా తుపాను తర్వాత అధ్యక్షుడు బుష్ దెబ్బతిన్న ప్రాంతాల్లో దీన్ని రెండు నెలలపాటు నిలిపివేశాడు కూడా. ఖర్చు లెక్కల మీద ఆర్థికవేత్తల వాదన సాగనివ్వండి. నేను రోజూ చూసేది వేరు. తక్కువ ధర పాడినవాడికే పని దక్కే పద్ధతిలో, కూలి అందరికీ ఒకటే అయినప్పుడు కాంట్రాక్టర్లు యంత్రాల్లో, ప్రణాళికలో, సామగ్రి వృథా కాకుండా చూసుకోవడంలో పోటీ పడతారు. కూలి తగ్గించుకునే వీలుంటే నిజాయతీగా ఇచ్చేవాడు ముందు టెండరు పోగొట్టుకుంటాడు, తర్వాత అతనూ ఎగ్గొట్టడం నేర్చుకుంటాడు.

ఆ కల్వర్టు పనిలో ఇంకొక లోపం కూడా సరిదిద్దించాం. కూలి రేట్ల పత్రాన్ని పనివాళ్లందరికీ కనబడే చోట అంటించాలి. అక్కడ అది ఫోర్‌మన్ ట్రెయిలర్ లోపల, తలుపు వెనక ఉండేది. తీయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, మంచినీళ్ల డ్రమ్ము పక్కనున్న బోర్డు మీద పెట్టించాం. మేం రెండోసారి వెళ్లిన రోజు మధ్యాహ్నం ఆ కడ్డీల పెద్దమనిషి నీళ్లకని వచ్చి, బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. కడ్డీల పనివాడి వరస మీద వేలు పెట్టి, పక్కన రెండో అంకె దేనికని ఇన్‌స్పెక్టరును అడిగాడు. ఫ్రింజ్ అంటే ఏమిటో విన్నాక, ఫోన్ తీసి ఆ పేజీని రెండుసార్లు ఫొటో తీసుకుని పనిలోకి వెళ్లిపోయాడు.