వాన లేని నెలలో చిగురు: పిల్లలతో పెంచలకోన

మా పిల్లలిద్దరూ బడికి వెళ్లరు, ఇంట్లోనే చదువుకుంటారు. పెద్దవాడికి పన్నెండేళ్లు, చిన్నదానికి తొమ్మిది. పదో తరగతి ఓపెన్ స్కూల్లో కట్టిద్దామనుకున్నాం. దానికి పద్నాలుగేళ్లు నిండాలి కాబట్టి ఆ టెన్షన్ ఇప్పుడే లేదు. లెక్కలకూ భాషకూ పుస్తకాలు సరిపోతున్నాయి. సైన్సు దగ్గరే చిక్కు. ఇంటి చదువుల కోసం దొరికే వసంతకాలం పాఠాలు చాలావరకు చలిదేశాల్లో తయారైనవి. మంచు కరుగుతుంది, నేల తడుస్తుంది, మొలకలు లేస్తాయి అని ఉంటుంది వాటిలో. నెల్లూరులో అట్లా ఎక్కడ? మనకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడిపోతుంది. మార్చికి నేల ఎండి గట్టిపడి ఉంటుంది. అయినా మా వీధిలో వేప చిగురేసింది, రావి లేతాకులు ఎర్రగా మెరుస్తున్నాయి.

"వాన పడి మూడు నెలలైంది, మళ్లీ గట్టి వాన ఎప్పుడో అక్టోబరులో. మరి చెట్టుకు ఈ ధైర్యం ఎక్కడిదమ్మా?" అని పెద్దవాడు అడిగాడు. ఆ ప్రశ్న పట్టుకునే పెంచలకోన బయల్దేరాం.

మార్చి మూడో వారం. ఉగాది ఇంకా దగ్గర పడలేదు. మా ఆడబిడ్డ, ఆమె పిల్లలిద్దరూ కూడా వచ్చారు. వాళ్లు బడికి వెళ్లే పిల్లలే, రెండు రోజులు సెలవు పెట్టించింది. చేతి లెన్సులు, ట్యూనింగ్ ఫోర్కు, పాలిథీన్ సంచులు, పురికొస, మందు పట్టే సిరంజి, మీటరు కర్ర, కోణమానిని, నల్ల కాగితాలు, బ్యాటరీ, చిన్న ఎల్‌ఈడీ బల్బు సంచిలో పెట్టుకున్నాం. ముందురోజు మందార రేకలు తెల్లకాగితం మీద రుద్ది ఆరబెట్టిన ముక్కలు కూడా. వాటి మీద నిమ్మరసం పడితే గులాబీ రంగు, సున్నపు నీళ్లు పడితే ఆకుపచ్చ. దారి పొడవునా కనిపించిన ప్రతి నీళ్లకూ ఆ కాగితం తాకించడం చిన్నవాళ్లకు పెద్ద పని అయిపోయింది.

పెంచలకోన నెల్లూరుకు దాదాపు 80 కిలోమీటర్లు. పొద్దున్నే లేచి పొదలకూరు దారి పట్టాం. పొదలకూరు చుట్టుపక్కల నిమ్మతోటలు ఎక్కువ. ఒక తోట దగ్గర కారు ఆపి, గట్టు మీద కూర్చున్న పెద్దాయనను అడిగితే లోపలికి రమ్మన్నాడు. కొన్ని చెట్ల మీద కాయ, పిందె, పూత మూడూ ఒక్కసారే ఉన్నాయి. పిల్లలు ఆకులను ఎండకు ఎదురుగా పట్టి, వాటిలో ఉన్న నూనె తిత్తులను లెన్సుతో చూశారు. వెలుగులో అవి సన్నటి చుక్కలుగా కనిపిస్తాయి. నలిపితే వచ్చే వాసనంతా ఆ చుక్కల్లోదే.

మా వాడు తన ప్రశ్న ఆయన ముందు పెట్టాడు. "నీళ్లు లేకపోతే పూత ఎట్లా వస్తుంది తాతా?"

"నీళ్లు ఆపితేనే గదా నాయనా పూత వచ్చేది! కాపు కావాలంటే ముందు చెట్టుకు బెట్ట పెట్టాల. తడి ఆపేస్తాం, ఆకు వాడతది, కొంత రాలతది కూడా. అప్పుడు ఎరువేసి నీళ్లిస్తే ఒక్కసారిగా పూస్తది. ఎప్పుడూ తడి మీదే ఉన్న చెట్టు ఆకు మీద పడతది, కాయ మీద పడదు."

నేను ఎంత చదివి చెప్పినా ఇంత సూటిగా చెప్పగలిగేదాన్ని కాదు. ఎండు అనేది చెట్టుకు కష్టమే, కానీ అదే దానికి కబురు కూడా. పిల్లలు ఈ మాటను నోటు పుస్తకంలో ఆయన యాసలోనే రాసుకున్నారు. పెద్దాయన ఇచ్చిన నిమ్మకాయల్లో ఒకటి అక్కడే కోసి తొనలు లెక్కపెట్టి, మిగతావి మజ్జిగలోకి దాచుకున్నాం.

పెంచలకోన చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. వెలిగొండల ఒడిలో లక్ష్మీనరసింహస్వామి గుడి, వెనక కొండ, పక్కన సన్నబడిపోయిన ఏరు. దర్శనం చేసుకుని, భోంచేసి, సాయంత్రం ఏటి పక్కన నడిచాం. అడవి సగం బోడిగా ఉంది. ఆ బోడి కొండ వాలు మీద అక్కడక్కడా ఆకు అనేదే లేకుండా, కొమ్మల చివర పసుపు పచ్చటి పెద్ద పూలతో నిలబడ్డ చెట్లు. కొండగోగు. దీని బంకను గిరిజనులు సేకరించి అమ్ముతారు, చాలామందికి ఆ బంకగానే తెలుసు. పువ్వును దగ్గరగా చూసినవాళ్లు తక్కువ.

మర్నాడు పొద్దున ఎండ రాకముందే మళ్లీ వెళ్లాం. చెట్టు కింద అప్పుడే రాలిన తాజా పూలు దొరికాయి, కోయాల్సిన పని పడలేదు. అడవిలో కోయకూడదని పిల్లలకు ముందే చెప్పి ఉంచాను. ఐదు రేకలు, మధ్యలో గుత్తిగా లెక్కలేనన్ని కేసరాలు. చిన్నది వేలితో తాకి, "పుప్పొడి లేదమ్మా, వేలికి అంటడం లేదు" అంది. నిజమే, అంటదు. మామూలు పువ్వుల్లో పుప్పొడి తిత్తి నిలువునా విచ్చుకుంటుంది. కొండగోగులో తిత్తి కొసన సూదిమొన అంత రంధ్రం మాత్రమే ఉంటుంది. పుప్పొడి లోపలే ఉండిపోతుంది. లెన్సు కింద ఆ రంధ్రాన్ని వెతికి పట్టుకోవడానికి నలుగురు పిల్లలూ తలలు ఆనించి కూర్చున్నారు.

నల్లకాగితం పరిచి, పువ్వును దాని మీదికి వంచి పట్టుకుని ముందు పుల్లతో కదిపాం. ఏమీ రాలేదు. పెద్దవాడు గట్టిగా విదిలించాడు. రెండు మూడు నలుసులు. అప్పుడు ట్యూనింగ్ ఫోర్కును మోకాలికి కొట్టి, మోగుతున్న కాడను మెల్లగా కేసరాలకు ఆనించాను. కాగితం మీదికి పసుపు పొడి పొగగా దూకింది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఒకేసారి ఫోర్కు కోసం చేతులు చాచారు.

ఆ పని అడవిలో చేసేది తుమ్మెద. ఇంకాసేపు కూర్చుంటే అదీ వచ్చింది. నల్లగా, లావుగా, పైకొమ్మ పువ్వు మీద వాలి, కేసరాలను కాళ్లతో పట్టుకుని రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా అదిరేలా మోగింది. ఎగిరేటప్పుడు వచ్చే మోతకూ, పువ్వు పట్టుకున్నప్పుడు వచ్చే మోతకూ తేడా వినమని పిల్లలకు చెప్పాను. పువ్వు మీద స్వరం పైకి పోతుంది. మా ఆడబిడ్డ సంగీతం నేర్చుకుంది, ఆమె ఆ తేడాను వెంటనే పట్టుకుని, "వదినా, ఇది బళ్లో ఎవరూ చెప్పలేదు మాకు" అంది. ఈ పువ్వులో తేనె ఉండదు. తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసమే. అది తీసుకెళ్లేదాంట్లో కొంత ఇంకో పువ్వుకు అంటుతుంది. రేకలు, రంగు, రంధ్రం, మోత అన్నీ ఒకదానికొకటి కుదిరి ఉన్నాయి. పాఠంగా చెబితే ఇది నాలుగు లైన్లు. పిల్లల చేతిలో ఫోర్కు పెడితే ఒక పూట.

తొమ్మిది గంటలకు సంచులు కట్టాం. ఏటి పక్క కానుగ చెట్టు ఇంకా పాత ఆకుతోనే ఉంది. ఎండ తగిలే కొమ్మ ఒకటి, నీడలో ఉన్న కొమ్మ ఒకటి ఎంచి, ఆకులు లెక్కపెట్టి సమానంగా చూసుకుని, పాలిథీన్ సంచి తొడిగి మూతి పురికొసతో బిగించాం. "ఆకు లేని కొమ్మకు కూడా కట్టాలి, లేకపోతే ఆ నీళ్లు ఆకు నుంచే వచ్చాయని ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు పెద్దవాడు. నాకు చాలా సంతోషమైంది. అందుబాటులో ఉన్న కొండగోగు బోడికొమ్మకు మూడో సంచి కట్టాడు. నాలుగోది మా మేనల్లుడు కానుగ పైకొమ్మకు కట్టుకున్నాడు కానీ దాన్ని కోతి పీక్కుని పోయింది. కోతిని తరిమి, సంచి ముక్కలన్నీ ఏరి తేవడానికి అరగంట పట్టింది. ఆ ముక్కలు అడవిలో వదిలి రాకూడదు.

సంచులు తమ పని చేసుకుంటుండగా మేం నీడ కొలిచాం. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు అవి, సూర్యుడు భూమధ్యరేఖకు నేరుగా పైన ఉంటాడు. అందుకే మధ్యాహ్నపు నీడ కోణమే మన అక్షాంశం. చదునైన నేల మీద మీటరు కర్రను దారపు బరువుతో నిటారుగా నిలబెట్టి, పదకొండున్నర నుంచి పది నిమిషాలకోసారి నీడ కొసన సుద్దతో గుర్తు పెట్టారు. పన్నెండు కొట్టగానే నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉంటుందని అందరూ అనుకున్నారు. పన్నెండు దాటినా అది ఇంకా తగ్గుతూనే ఉంది. పన్నెండూ ఇరవై ప్రాంతంలో ఆగి, తర్వాత పెరగడం మొదలుపెట్టింది. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం తిరుగుతాయి. పెంచలకోన దానికి మూడు డిగ్రీలు పడమరన ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల ఆలస్యం. ఆ పైన మార్చిలో సూర్యుడు గడియారం కన్నా ఏడెనిమిది నిమిషాలు వెనక నడుస్తాడు.

అతి పొట్టి నీడ పాతిక సెంటీమీటర్లు దాటి కొద్దిగా వచ్చింది. కర్రనూ నీడనూ కాగితం మీద కొలతకు తగ్గించి గీసి కోణమానిని పెడితే, కర్ర కొస దగ్గర కోణం పద్నాలుగు డిగ్రీలకు కాస్త ఎక్కువ. ఫోన్లో మ్యాప్ తీసి చూపించాను. మేం నిలబడ్డ చోటు ఉత్తర అక్షాంశం పద్నాలుగు దాటి కొంచెం. కర్ర, సుద్దముక్క పెట్టి భూమి మీద మన చోటు కనుక్కోవచ్చని వాళ్లకు నమ్మకం కుదరడానికి ఇంకోసారి లెక్క వేయాల్సి వచ్చింది. ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం ఇదే కర్రకు నెల్లూరులో నీడే ఉండదని చెప్పాను. ఆ రోజు కోసం ఇప్పటి నుంచే క్యాలెండరు చూస్తున్నారు.

మధ్యాహ్నం సంచులు విప్పాం. ఎండవైపు కానుగ సంచిలో నీళ్లు అడుగున నిలిచాయి, సిరంజి రెండుసార్లు నిండింది. నీడవైపు సంచిలో సిరంజి సగం కూడా రాలేదు. కొండగోగు బోడికొమ్మ సంచికి లోపల మసక పట్టిందంతే. పెద్దవాడి ప్రశ్నకు జవాబు ఆ మూడు సంచుల్లోనే ఉంది. ఆకు ఉన్నంతకాలం చెట్టు నీళ్లను గాలిలోకి వదులుతూనే ఉంటుంది. ఆకు రాల్చేస్తే ఆ ఖర్చు ఆగుతుంది. కొండగోగు వంటి మెత్తటి మాను తనలోనే నీళ్లు దాచుకుంటుంది. మరికొన్ని చెట్ల వేళ్లు లోతు తడిని అందుకుంటాయి. ఖర్చు ఆగాక ఆ నీళ్లు కొమ్మల చివరి మొగ్గల దాకా చేరతాయి, పూతకూ చిగురుకూ అవే ఆధారం. పగలు సాగడం కూడా కొన్ని చెట్లకు సైగ. మన దగ్గర డిసెంబరు పగలు దాదాపు 11 గంటల 20 నిమిషాలు, జూన్‌లో 13 గంటలకు కొద్దిగా తక్కువ. అంత చిన్న తేడాను కూడా చెట్టు గుర్తిస్తుంది.

గది వైపు వస్తుంటే, ఒక బండ చాటున వాన తగలని సన్నటి ఇసుకలో గరాటు ఆకారపు గుంతలు కనిపించాయి. గుంత అడుగున ఒక పురుగు, చీమ జారిపడితే పట్టుకోవడానికి కాచుకుని ఉంటుంది. చిన్నది గడ్డిపోచతో గోడను గీకితే అది తలతో ఇసుక ఎగజిమ్మింది. చేతిలోకి తీసి చూస్తే వెనక్కే నడుస్తుంది. పెద్దదయ్యాక దీనికి తూనీగ రెక్కలను పోలిన రెక్కలు వస్తాయి. తీసిన పురుగును తీసినచోటే పెట్టించాను.

తిరుగుదారిలో సైదాపురం మీదుగా వచ్చాం, అభ్రకం చూపించాలని. గూడూరు, సైదాపురం ప్రాంతం అభ్రకానికి పేరున్న నేల. అక్కడ రోడ్డు పక్క మట్టే తళతళలాడుతుంది. పాత గుంతల దగ్గరికి పిల్లలను పోనివ్వలేదు, అవి లోతు, కొన్నిట్లో నీళ్లు కూడా ఉంటాయి. టీ కొట్టు దగ్గర ఒక అవ్వ చిన్నతనంలో రేకులు చీల్చే కూలికి వెళ్లేదట. పిల్లలు ఏరుకొచ్చిన బొటనవేలి మందం ముక్కను తీసుకుని, కత్తి మొనను అంచున ఒక్కచోట ఆనించి, "తొయ్యగూడదు పాపా, దాని దారిన దాన్ని పోనీయాల" అంటూ రేకు తర్వాత రేకు విప్పింది. చివరికి వచ్చిన రేకు గుండా టీ కొట్టు బోర్డు మీది అక్షరాలు చదవగలిగాం.

ఇంతగా మెరుస్తోంది కాబట్టి ఇది లోహమే అని మా మేనల్లుడి వాదన. బ్యాటరీ, బల్బు తీశాం. మధ్యలో కారు తాళం పెడితే బల్బు వెలిగింది, అభ్రకం పెడితే వెలగలేదు. అవ్వ పొయ్యి సెగ మీద పట్టి చూపించింది, కాలలేదు, కరగలేదు. పాత ఇస్త్రీపెట్టెల్లో వేడి తీగకు ఆసరాగా దీన్నే వాడేది అందుకే. రేకులు చీల్చేటప్పుడు లేచే పొడిని పీల్చకుండా పిల్లల మొహాలకు చేతిరుమాళ్లు కట్టాం.

పెంచలకోన వెళ్లాలనుకునేవాళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లండి, కొండగోగు పూసి ఉంటుంది. వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పుడు జనం ఎక్కువ, ఎండ కూడా పిల్లలు తట్టుకోలేరు. అంతదూరం కుదరనివాళ్లు వంగ పూత మీదో టమాటా పూత మీదో ఫోర్కు ప్రయోగం చేసుకోవచ్చు. వాటి పుప్పొడి కూడా మోతకే బయటపడుతుంది. పొద్దున పూట, పువ్వు బాగా విచ్చుకున్నాక చేయండి. కింద నల్లకాగితం మాత్రం మర్చిపోవద్దు.