రాసిన వాక్యాన్ని నమ్మినవాడి తరఫున

మ్యూనిక్‌లో నేను పనిచేసే చోట సీ భాషలో రాసిన ఒక లైబ్రరీ, అంటే ప్రోగ్రాంలలో వాడుకునే రెడీమేడ్ కోడ్, ఉంది. అందులో హ్యాష్ టేబుల్‌లోని (సమాచారాన్ని పేరుతో వెతికి తీసుకోవడానికి అరల్లో దాచే పట్టికలోని) ఎంట్రీలను ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్ ఫంక్షన్‌కు రాసిన వివరణలో (డాక్యుమెంటేషన్‌లో) ఒక వాక్యాన్ని సరిదిద్ది పంపాను. దానిని పరిశీలించిన పెద్దాయన, "ఈ మాత్రం తెలియనివారు ఆ ఫంక్షన్ జోలికి వెళ్లకూడదు" అని అందరూ చూసేచోట జవాబు రాశారు. ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు, ఎందుకంటే ఆ వాక్యాన్ని నమ్మి ఇబ్బందిపడినవాడు గచ్చిబౌలిలోని మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రవాడు, చదివి అర్థం చేసుకున్నాకే కోడ్ రాసే మనిషి.

"లూప్ నడుస్తుండగా టేబుల్‌ను మార్చవచ్చు" అని ఉండేది ఆ వాక్యం. నిజానికి, ఎంట్రీలను ఒక్కొక్కటిగా చూస్తూ పోయే ఆ లూప్‌లో, అప్పుడే చేతికి వచ్చిన ఎంట్రీని ఇటరేటర్‌కు చెందిన డిలీట్ ఫంక్షన్‌తో తొలగించడం మాత్రమే క్షేమం. కొత్త ఎంట్రీని చేరిస్తే టేబుల్ పెద్దదై, ఉన్నవన్నీ వేరే బకెట్లలోకి, అంటే వేరే అరల్లోకి, సర్దుకోవచ్చు. జనాభా లెక్కలవారు వీధిలో సగం దూరం వచ్చాక ఇంటి నంబర్లన్నీ మార్చేసినట్టు, కొన్ని రెండుసార్లు లెక్కకు వస్తాయి, కొన్ని అసలు రావు. చిన్న పరీక్షల్లో ఇది బయటపడదు. జావా భాషలోని హ్యాష్ టేబుల్ అయిన హ్యాష్‌మ్యాప్‌నే చూడండి: మామూలుగా 16 బకెట్లు, 0.75 లోడ్ ఫ్యాక్టర్‌తో (అంటే బకెట్ల సంఖ్యలో 75 శాతాన్ని ఎంట్రీలు మించితే టేబుల్ పెరిగేలా) మొదలవుతుంది కనుక 13వ ఎంట్రీ చేరేదాకా పరిమాణం మారదు. అయితే జావా ఇలాంటి మార్పును పసిగడితే ఎక్సెప్షన్ (లోపాన్ని తెలిపే సంకేతం) ఇస్తుంది, పైథాన్ కూడా లూప్ మధ్యలో డిక్షనరీ (దాని హ్యాష్ టేబుల్) సైజు మారితే రన్‌టైమ్ ఎర్రర్‌తో ఆపుతుంది. మా లైబ్రరీ ఏమీ అనదు. అటువంటిచోట హెచ్చరించగలిగేది ఆ వివరణ ఒక్కటే, అదే తప్పుదారి పట్టిస్తే చదివినవాడిని ఎలా నిందించగలం?

హైదరాబాద్‌లో నేను పని నేర్చుకున్నది పక్క సీట్లవారిని అడిగే. "లూప్ మధ్యలో ఇన్సర్ట్ చేయకు తమ్ముడూ, ఎంట్రీలు తప్పిపోతాయి" అని ఎవరో ఒక అన్న ముందే చెప్పేవాడు. ఇక్కడ ఎవరిని అడిగినా ముందు డాక్యుమెంటేషన్ చదవమంటారు. ఈ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను, ఎందుకంటే చెప్పే అన్న ఉద్యోగం మారితే ఆ జ్ఞానమూ ఆయనతోపాటే వెళ్లిపోవడం చూశాను. కానీ చదవమని అంత గట్టిగా చెప్పేవారు, చదివినది నిజమయ్యేలా చూడాలి కదా! అడిగి తెలుసుకోవడాన్ని చిన్నతనంగా చూసి, చదివి నమ్మడాన్ని కూడా తప్పుపడితే, పక్కన అడగడానికి మనిషి లేని దూరదేశపు ఉద్యోగి ఎటు పోవాలి? ఇలాంటప్పుడు ఆ పక్క సీటు మాట కోసం నాకు ప్రాణం కొట్టుకుంటుంది.

లోపం కళ్లకు కట్టే చిన్న ప్రోగ్రాంను జతచేసి మళ్లీ పంపాను. పెద్దాయన ఇంకేమీ వాదించకుండా ఆమోదించారు. ఇప్పుడు అక్కడ ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో విడివిడిగా ఉంది. ఎంట్రీలు వచ్చే క్రమం సంగతి మాత్రం ఇంకా తేలలేదు. గో భాష 2012లో వచ్చిన తన మొదటి వెర్షన్ నుంచే మ్యాప్‌లోని (దాని హ్యాష్ టేబుల్‌లోని) క్రమాన్ని నమ్ముకోవద్దని స్పష్టంగా చెప్పింది. పైథాన్ 2018లో 3.7 వెర్షన్ నుంచి, ఎంట్రీలను చేర్చిన క్రమంలోనే ఇస్తానని హామీ ఇచ్చింది. పైథాన్‌తో చదువు మొదలుపెట్టి వస్తున్న మన పిల్లలు ఇక్కడా అదే హామీ ఉందనుకుంటారు. అందుకే "క్రమానికి హామీ లేదు" అనే మాటను కూడా చేర్చమని కోరాను, అది ఇంకా పరిశీలనలో ఉంది.